రెండు గినీ పిగ్స్, ఒక వంటింటి కాటా: ప్రాజెక్టు డైరీ

మా అమ్మాయి అడిగింది, గినీ పిగ్స్ జత కొన్నాం. ఎలకల తరహా చిన్న పెంపుడు జంతువులు. ఆ భాగం అంతే. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు, పడమటి ఎండ కొట్టే హాలు, బిస్కెట్ రంగు దాని పేరు జొన్న, ముదురు ఎరుపు దాని పేరు రాగి. "కుందేళ్ల లాంటివే మేడమ్, క్యారెట్ వేస్తే చాలు. రెండూ ఆడవే, గొడవుండదు" అన్నాడు షాపతను. ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిలబడలేదు.

ఇంకో జత తెచ్చుకునేవాళ్లకు ఒక సంగతి ముందే చెప్తాను. ఇవి అడవిలో వేటకు బలయ్యే జాతి. నలతగా ఉన్నట్టు పైకి కనపడితే వేటాడే జంతువులు ముందు వాటినే పట్టుకుపోతాయి కాబట్టి, ఒంట్లో బాగాలేకపోయినా మామూలుగానే తిరుగుతాయి. చూస్తే తెలియదు, తూస్తేనే తెలుస్తుంది. అందుకే ఈ డైరీలో ఫొటోల కన్నా గ్రాములెక్కువ.

ప్రతి ఆదివారం పొద్దున, కూరలు వెయ్యకముందు తూకం. వంటింటి డిజిటల్ కాటా మీద లోతైన స్టీలు గిన్నె పెట్టి సున్నా చేసి, అందులో కూర్చోబెట్టడం. కదులుతుంటే నాలుగు కొత్తిమీర రెబ్బలు వేస్తే అంకె నిలబడుతుంది. ఆ రెబ్బల బరువు కూడా అందులో కలుస్తుంది కానీ, రెండు గ్రాములకు కంగారు పడే పని కాదిది.

వచ్చిన వారం: జొన్న 480 గ్రాములు, రాగి 540.

దశ 1: గూడు

జతతో పాటు షాపులో అంటగట్టిన ఇనప పంజరం 2 అడుగులు × ఒకటిన్నర అడుగు. అంటే 3 చదరపు అడుగులు, కింద తీగల అడుగు. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగులుండాలని జంతు సంరక్షణ సంస్థలు మామూలుగా చెప్పే లెక్క. పైగా ఇవి ఎక్కే జంతువులు కావు, పరిగెత్తేవి. రెండంతస్తుల పంజరం కొన్నా వాటికి పనికొచ్చేది కింది నేల ఒక్కటే. తీగల మీద నడిస్తే అరికాళ్లు ఒరిసి పుండ్లు పడతాయి. రాగి వెనక పాదం కింద ఆవగింజంత ఎర్ర మచ్చ కనపడ్డ రోజే ఆ పంజరం అటకెక్కింది.

కొత్తది ఇలా కట్టాను:

1. 14 అంగుళాల చదరపు వైర్ గ్రిల్ పలకలు 12. బట్టల ర్యాకులుగా బిగించుకోవడానికి అమ్మేవే. పొడవుకు నాలుగు, వెడల్పుకు రెండు.
2. పలకకూ పలకకూ పైనా కిందా కేబుల్ టైలు. ర్యాకుతో వచ్చే ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి చూశా, పిల్ల ఆనుకోగానే ఊడి వచ్చాయి.
3. ఫ్లెక్సీ షాపుల్లో దొరికే 8×4 అడుగుల గట్టి ప్లాస్టిక్ అట్ట, సన్‌ప్యాక్ షీటు ఒకటి. 67×39 అంగుళాలకు కోసి, నాలుగు వైపులా 6 అంగుళాల దగ్గర గీత పెట్టి, మూలలు చీల్చి పైకి మడిస్తే 55×27 అంగుళాల తొట్టి తయారవుతుంది.
4. మూలలకు వెడల్పు ప్యాకింగ్ టేపు, బయటి వైపు మాత్రమే. లోపల వేస్తే కొరికి మింగుతాయి.

మూడో మెట్టు దగ్గర జాగ్రత్త. షీటు రెండు పొరల మధ్య గొట్టాల్లా ఉంటుంది. గొట్టాల వెంట మడత తేలిగ్గా వస్తుంది. అడ్డంగా మడవాలంటే కింది పొర తెగకూడదు. కట్టర్ బ్లేడుతో గట్టిగా లాగితే గోడ మొత్తం చేతికొస్తుంది. బ్లేడు పక్కన పెట్టి, పిజ్జా కోసే చక్రంతో నొక్కి గీస్తే రెండు పొరలూ మిగిలాయి.

లోపలి చోటు: 10.3 చదరపు అడుగులు.
ఇప్పటిదాకా ఖర్చు: జత 1,600, పనికిరాని పంజరం 1,200, పలకలు 1,450, షీటు 420, టైలూ టేపూ 110. మొత్తం 4,780 రూపాయలు.

దశ 2: పక్క

ముందు న్యూస్‌పేపరు పరిచా. పొద్దున వేస్తే మధ్యాహ్నానికల్లా చిత్తడి, సాయంత్రానికి ఘాటు వాసన. గినీ పిగ్ ముక్కు నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. మనకు వాసన తగిలిందంటే వాటి ఊపిరితిత్తులకు అప్పటికే చాలాసేపటి నుంచి తగులుతున్నట్టు.

తర్వాత కార్పెంటర్ షాపు నుంచి ఉచితంగా తెచ్చిన రంపపు పొట్టు. రెండూ తుమ్మడం మొదలెట్టాయి. ఆ పొట్టులో సగం ప్లైవుడ్ దుమ్ము, అంటే జిగురు కలిసిన దుమ్ము. ఉచితమైనా వద్దు.

నిలబడింది ఫ్లీస్ దుప్పటి. అడుగున పసిపిల్లల కింద వేసే డ్రై షీటు, దాని మీద రెండు మడతల పాత టర్కీ తువ్వాళ్లు, పైన ఫ్లీస్. కొత్త ఫ్లీస్ నీటిని పీల్చదు, కిందికీ దిగనివ్వదు. పరీక్షగా 50 మిల్లీలీటర్లు పోస్తే ముత్యాల్లా పైనే నిలబడ్డాయి. వేడినీళ్లలో, కంఫర్ట్ లాంటివేవీ వెయ్యకుండా, నాలుగైదు సార్లు ఉతికాక అదే 50 మిల్లీలీటర్లు నిమిషంలోపే తువ్వాల్లోకి దిగిపోయాయి, పైన పొడిగా ఉంది. ఈ పరీక్ష దాటని దుప్పటి గూట్లోకి పోకూడదు.

రోజుకు రెండు పూటలా చేతి చీపురూ చేటా. ఎంత ఎత్తినా పెంటికలు ఉంటూనే ఉంటాయి, దానికి సిద్ధపడాలి. కొన్నింటిని అవే నేరుగా వంగి తినేస్తుంటే మా అమ్మాయి "యాక్" అని పరిగెత్తింది. అవి వేరే రకం, మెత్తగా ఉంటాయి. పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో గడ్డి పులిసి తయారైన బి విటమిన్లూ మాంసకృత్తులూ వాటిలో ఉంటాయి. ఆవు నెమరేసే పనిని ఇవి ఇలా కానిస్తాయి. ఆపడానికి చూడొద్దు.

ఫ్లీసులు రెండు 700, డ్రై షీట్లు రెండు 600. మొత్తం 6,080.

దశ 3: గడ్డి

డబ్బూ ఓపికా ఎక్కువ ఖర్చయింది ఇక్కడే. గినీ పిగ్ పళ్లు ఇరవై, అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసేది గడ్డి. పేగు కదలాలన్నా గడ్డే. పూట కాదు, ఇరవై నాలుగు గంటలూ ముందుండాలి. ఇవి వాంతి చేసుకోలేవు, పస్తులుండలేవు. ఒక రోజు తినకపోతే పేగులు ఆగిపోయే ప్రమాదం.

పుస్తకాల్లో రాసేది టిమోతి గడ్డి. చలి దేశాల గడ్డి కాబట్టి మనకు దిగుమతి సరుకే. కిలో సంచి 780 పెట్టి తెప్పిస్తే పన్నెండు, పదమూడు రోజులొచ్చింది. ఇలా కుదరదని లెక్క వేశా. పారేసేదాంతో కలిపి రెండింటికి రోజుకు 80 గ్రాములు, నెలకు 2.4 కిలోల ఎండుగడ్డి.

మన దగ్గర దొరికేవి వరసగా చూశా.

వరిగడ్డి: ఎక్కడపడితే అక్కడుంది. పక్కగా నలిపేసుకున్నాయి, తినలేదు. తిన్నా అందులో సత్తువ లేదు.

సూపర్ నేపియర్: పాడి రైతుల దగ్గర దొరుకుతుంది, ఆబగా తింటాయి. కానీ ఆక్సలేట్లు (కాల్షియంతో కలిసి రాళ్లు కట్టే పదార్థాలు) ఎక్కువ. ఈ జంతువుకు మూత్రంలో రాళ్లు పడే గుణం ముందే ఉంది. మానేశాను.

లూసర్న్: పశువుల మేతకు వేసే పచ్చిమేత. కాల్షియం ఎక్కువ. ఎదిగే పిల్లలకూ, చూలుతో ఉన్నవాటికీ మంచిది, పెద్దవాటికి రోజూ వద్దు. అప్పటికి ఇది అక్కర్లేదనుకుని రాసుకున్నా. దశ 5లో అక్కరొచ్చింది.

గరిక: ఇదే కుదిరింది. వినాయకుడికి పెట్టే గరికే. పూల మార్కెట్లో పొద్దున్నే వస్తుంది.

పూజకు కట్టే చిన్న కట్టలు కొంటే గిట్టదు. పైగా ప్రతి కట్టకూ దారం ముడి ఉంటుంది. ఒక్క దారం గడ్డితో పాటు లోపలికి పోతే పేగుకు చుట్టుకుంటుంది. అందుకని మార్కెట్లో ఒకావిడతో కట్టలు కట్టకముందే విడిగా కిలో 40 రూపాయలకు మాట్లాడుకున్నా. కొన్నాళ్లు చూసి ఆవిడే అడిగింది: "ఏంటమ్మా, ఏం మొక్కుకున్నావు? కిలోలకు కిలోలు పట్టుకెళ్తున్నావు!" ఎలకల్లాంటివి ఉన్నాయండీ, వాటికి అన్నాను. "వినాయకుడి వాహనమేగా, మంచిదే" అని ఇంకో పిడికెడు వేసింది.

ఆరబెట్టే పద్ధతి:

1. వేళ్లూ మట్టీ కత్తిరించి, బకెట్ నీళ్లలో ముంచి తీయడం, రెండుసార్లు.
2. 4×2 అడుగుల చెక్క చట్రానికి దోమల జాలీ కొట్టిన తడక మీద పలచగా, వేలు మందం మించకుండా పరచడం.
3. ఎండలో కాదు, వరండా నీడలో, ఫ్యాను కింద. ఎండలో పెట్టిన మొదటి విడత పసుపచ్చగా మారి పుల్లల్లా విరిగింది, వాసనే లేదు. నీడలో ఆరింది పచ్చగా మిగిలింది.
4. రోజూ తూయడం. రెండు రోజులు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టు. 1 కిలో పచ్చి గరిక 290 గ్రాముల దగ్గర ఆగింది.
5. నిల్వ గుడ్డ సంచిలో, గాలి ఆడేటట్టు. మూత డబ్బాలో పెట్టిన విడత అడుగున బూజు పట్టింది. మొత్తం పారబోయాల్సి వచ్చింది. బూజు గడ్డి ఏరి వాడటమనేది లేదు.

290 గ్రాముల లెక్కన నెలకు 8.3 కిలోల పచ్చి గరిక కావాలి. 9 కిలోలు తెస్తున్నా, 360 రూపాయలు. టిమోతితో పోలిస్తే ఐదో వంతు.

పార్కులో ఉచితంగా గరిక ఉంది కదా అని మా ఆయన. కుక్కలు తడిపేదీ, మందు కొట్టేదీ అక్కడే. వద్దన్నా.

టిమోతి 780, తడక 340, మొదటి నెల గరిక 360. మొత్తం 7,560.

దశ 4: విటమిన్ సి

కుక్క, పిల్లి, మేక, ఎలక, చాలామటుకు జంతువులు విటమిన్ సిని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనుషులూ గినీ పిగ్స్ చేసుకోలేరు. నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు 1907లో గినీ పిగ్స్‌కి వట్టి ధాన్యం మేపి, ఓడ నావికులకు వచ్చే స్కర్వీనే (చిగుళ్లు చెడి రక్తం కారే జబ్బు) వాటిలో చూశారు. ఆ విటమిన్‌ను వేరు చేయడానికి అప్పటికింకా ఇరవై ఏళ్ల పైనే దూరం.

రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, చూలుతో ఉంటే పై అంకె. పెల్లెట్లలో (షాపులో అమ్మే గుళికల మేత) కలిపే ఉంటుంది కానీ తయారైన మూడు నెలలకు చాలా భాగం పోతుంది. షాపులో డ్రమ్ములోంచి తీసి విడిగా తూచి ఇచ్చే పెల్లెట్లకు తారీఖే ఉండదు. సీలు ప్యాకెట్టే కొనండి. నీళ్లలో వేసే చుక్కల మందు కూడా కొనొద్దు. నీళ్లలో తొందరగా చెడుతుంది, రుచి మారిందని నీళ్లు తాగడమే తగ్గిస్తాయి.

పచ్చి క్యాప్సికం 100 గ్రాముల్లో సుమారు 80 మిల్లీగ్రాములుంటుంది. ఒక్కోదానికి 30 గ్రాములు వేస్తే 24 వచ్చింది. తొడిమా గింజలూ తీసేయాలి. జామకాయలో 200 పైనే ఉంటుంది గానీ చక్కెర కూడా ఉంది, కాబట్టి వారానికి రెండుసార్లు బొటనవేలంత ముక్క. కొత్తిమీర రోజూ, ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగాక. పాలకూరా తోటకూరా ఆక్సలేట్ల వల్ల ఎప్పుడో ఒకసారి. మునగాకులో అన్నీ ఉన్నాయని అత్తయ్య పట్టుబట్టారు. అందులో కాల్షియం కూడా దండిగా ఉంది, అందుకే రెండు రెమ్మల దగ్గర రాజీ పడ్డాం. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, టమాటా ఆకులు దగ్గరికి రానీయకూడదు. క్యారెట్ మిఠాయి కింద లెక్క.

ఇంకో విషయం: ఫ్రిజ్ తలుపు చప్పుడుకూ కూరల కవరు గలగలకూ వారం తిరక్కుండానే అలవాటు పడ్డాయి. తలుపు తీయగానే రెండూ కుక్కర్ విజిల్ స్థాయిలో కూస్తాయి. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచినా అంతే. హాల్లో పడుకునే అత్తయ్య ఇప్పుడు మా గదిలో పడుకుంటున్నారు, మేం హాల్లో.

పెల్లెట్లు 450, నెల కూరలు 500. మొత్తం 8,510.

దశ 5: కాటా చెప్పిన కబురు

వారం వారం అంకెలు ఇవి.

రాగి: 540, 570, 598, 625, 650, 672
జొన్న: 480, 505, 540, 590, 655, 725

పెరిగే వయసులో పెరగడం మామూలే. కానీ రాగి పెరుగుదల వారం వారం తగ్గుతుంటే జొన్నది పెరుగుతోంది: 25, 35, 50, 65, 70. ఇద్దరూ తినేది ఒకటే. పైగా రాగి నడుం ఊపుకుంటూ, గొంతులో బుర్రుబుర్రుమంటూ జొన్న చుట్టూ తిరగడం చాలా రోజుల్నుంచి చూస్తున్నాం, ఆడుకుంటున్నాయనుకుని నవ్వుకున్నాం.

అనుమానమొచ్చి రెండింటినీ తీసుకెళ్తే, డాక్టర్ గారు రాగిని వెల్లకిలా పట్టుకుని, పొత్తికడుపు కింద వేలితో మెల్లగా నొక్కి చూపించారు. ఆడదానికి అక్కడ ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది, మగదానికి నొక్కితే చుక్క పెట్టిన ఐ అక్షరం బయటికి వస్తుంది. "రాగి మగదమ్మా. జొన్న కడుపుతో ఉంది." కొనేటప్పుడే షాపులో ఈ పరీక్ష చేయించుకోవచ్చు, నిమిషం పని. కుక్కలూ గేదెలూ చూసే అందరు డాక్టర్లకూ ఇవి అలవాటుండవు, ముందు ఫోన్ చేసి అడిగి వెళ్లండి. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉండటం మా వైపు వాళ్లకు కలిసొచ్చింది.

అక్కడ తెలిసినవి, చేసిన మార్పులు:

1. చూలు 59 నుంచి 72 రోజులు. ఎప్పుడు కట్టిందో తెలియదు కాబట్టి తేదీ ఎవరూ చెప్పలేరు.
2. ఆడదానికి మొదటి కాన్పు ఆరేడు నెలల వయసులోపు కాకపోతే కటి ఎముకల అతుకు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత వస్తే చాలాసార్లు ఆపరేషనే గతి. జొన్నది చిన్న వయసు, గండం గడిచినట్టే.
3. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. అందుకని రాగిని ఆ సాయంత్రమే వేరు చేశా. మధ్యలో గ్రిల్ పలకలు రెండు అడ్డం పెట్టి, ఒకదానికొకటి కనపడేటట్టు.
4. జొన్నకు క్యాప్సికం 45 గ్రాములు, రోజూ గుప్పెడు లూసర్న్.
5. తూకం రెండు రోజులకోసారి. ఎత్తేటప్పుడు కడుపు కింద చెయ్యి వెయ్యకుండా, గిన్నె గూట్లో పెట్టి దానంతటదే ఎక్కేటట్టు.

ఈనకముందు జొన్న ఆఖరి తూకం 1,065. తెల్లారి చూస్తే 735, పక్కన మూడు పిల్లలు: 92, 88, 85 గ్రాములు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఒంటినిండా బొచ్చు, నోట్లో పళ్లు. మధ్యాహ్నానికి గరిక నములుతున్నాయి. సాయంత్రానికి ఒకటి సోఫా కింద ఉంది. గ్రిల్ కంత అంగుళంన్నర, పిల్ల తల అంతకన్నా చిన్నది. మిగిలిన సన్‌ప్యాక్ ముక్కలు లోపలి వైపు పది అంగుళాల ఎత్తున బిగించాక ఆగాయి.

మగపిల్లలు మూడు వారాలకే తల్లినీ చెల్లినీ చూలు చేయగలవు. మూడింటిలో రెండు మగ. మూడో వారం నిండగానే రాగి వైపుకు మార్చాం. తర్వాత ఆ రెంటినీ జతగానే తెలిసినవాళ్లకు ఇచ్చాం. విడివిడిగా అడిగినవాళ్లకు ఇవ్వలేదు. ఆడపిల్ల సజ్జ మా దగ్గరే ఉంది. ఒంటరిగా ఉంటే దిగులు పడే జాతి, స్విట్జర్లాండ్‌లో ఒక్కదాన్నే పెంచడం చట్టప్రకారం నేరం.

రాగికి ఇక పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించాం. ఆ వారం 38 గ్రాములు తగ్గి, తర్వాతి వారం 30 తిరిగి వచ్చాయి. ఆపరేషన్ అయినా ఆరు వారాలు ఆడవాటితో కలపకూడదు, లోపల మిగిలిన వీర్యం చాలు చూలు కట్టడానికి.

చూపించినందుకు 400, ఆపరేషన్ 3,500, మందులు 450, అదనపు పలకలు 900. మొత్తం 13,760.

దశ 6: మే నెల

వీటి పుట్టిల్లు ఆండీస్ కొండలు. పెరూలో వేల ఏళ్ల నుంచి తిండికోసం పెంచుతున్నారు, అక్కడ పేరు కుయ్. చలి తట్టుకుంటాయి, వేడి తట్టుకోలేవు. 18 నుంచి 24 డిగ్రీలు సుఖం, 28 దాటితే ప్రమాదం మొదలు. బెజవాడ మే నెల సంగతి చెప్పక్కర్లేదు. బయట 43 ఉన్న మధ్యాహ్నం మా హాల్లో 35.

ఫ్యాను: వీటికి చెమట పట్టదు, గాలి తగిలినా చల్లబడవు. వేడిగాలి తిప్పడమే.
కూలర్: 35 నుంచి 31కి దించింది. ఉక్కపోత పెరిగి ఫ్లీస్ ఆరలేదు, గరిక మెత్తబడింది. తీసేశా.
కడప బండ ముక్కలు: ఒక అడుగు చదరం, రెండు. రాత్రంతా బాత్రూంలో తడిపి ఉంచి, పొద్దున తుడిచి పెడితే మధ్యాహ్నం రెండు గంటలకు బండ మీద 30 డిగ్రీలు. రెండూ బోర్లా పరుచుకుని పడుకునేవి.
ఐస్ బాటిల్: లీటరు సీసా గడ్డకట్టించి పాత సాక్సులో దూర్చి పెడితే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది.
ఏసీ: పన్నెండు నుంచి ఐదు దాకా 27 మీద. మిగతావన్నీ దీనికి తోడే తప్ప దీని బదులు కాదు.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. అప్పుడు గూడు కదపకుండా, జంతువులను మాత్రం బండలతో సహా కింది అంతస్తువాళ్ల ఉత్తరపు గదికి. వాళ్లకు ముందే చెప్పి ఉంచాం.

ఇక్కడా కాటాయే ముందు పట్టించింది. ఏసీ పెట్టకముందు వారం రాగి 45 గ్రాములు తగ్గాడు. చూడ్డానికి హుషారుగానే ఉన్నాడు.

బండలు 200, థర్మామీటర్ 350, పెరిగిన కరెంటు బిల్లు 1,900. మొత్తం 16,210.

దశ 7: మందుల పెట్టె

ఇది చిన్నదే కానీ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. పిల్లల జలుబుకు ఇంట్లో ఉండే అమాక్సిసిలిన్ సిరప్, పెన్సిలిన్ జాతి ఏదైనా, గినీ పిగ్ నోట్లో వెయ్యకూడదు. పేగులోని మంచి బాక్టీరియా చచ్చి, చెడ్డవి విషం కక్కి, జబ్బుకు కాక మందుకు చచ్చిపోతాయి. రాగి తుమ్మినప్పుడు మా ఇంట్లో అలాంటి సీసా మూత దాకా చెయ్యి వెళ్లింది. తెలిసిన డాక్టర్‌కు ఫోన్ చేస్తే "దించండి" అన్నారు.

ఇప్పుడు పెట్టెలో ఉన్నవి: గోళ్ల కట్టర్, సూది లేని సిరంజీలు, పెల్లెట్లు నానబెట్టి తినిపించడానికి చిన్న గిన్నె, డాక్టర్ గారి నంబరు.

ప్రస్తుతం

ఆరు వారాలు నిండాక మధ్య పలకలు తీసేశాం. రాగి పాత పద్ధతిలోనే నడుం ఊపుకుంటూ వెళ్లాడు. జొన్న వెనక్కి తిరిగి సూటిగా ముఖం మీద మూత్రం చిమ్మింది. ఆడ గినీ పిగ్ వద్దని చెప్పే తీరు అదే. రెండో రోజుకు ముగ్గురూ ఒకే బండ మీద ఉన్నారు.

ఈ ఆదివారం: జొన్న 870, రాగి 905, కూతురు సజ్జ 410.
నెలనెలా అయ్యేది, మూడింటికి: గరిక 520, కూరలు 700, పెల్లెట్లు 300. మొత్తం 1,520.

తర్వాతి పని వానలకు ముందే తడకలు రెండు పెంచడం. జులైలో గరిక నీడలో ఆరదు, గదిలోని తేమ కొలవడానికి మీటరు ఆర్డరు పెట్టాను. అంకెలొచ్చాక దశ 8 రాస్తాను.